గుక్కెడు నీళ్ళు

మార్కాపురంలో నర్సింగు చదివిన ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాడిని. దూరాన ఉన్న ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు ఉద్యోగాలకు పెట్టే పరీక్షలో స్పీకర్లో ఒక సంభాషణ వినిపిస్తారు, ఒక్కసారే. విని జవాబులు రాయాలి. కోపం నాకు ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ పరీక్ష వంకతో అది ఇంకా ముదిరింది.

పుల్లలచెరువు అవతల, అడవి అంచు ఊరి నుంచి ఒక పిల్ల రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. వాళ్ళ నాయన అడవిలో తేనె తీసి, ఉసిరికాయలు ఏరి అమ్మి చదివించాడు. ఉద్యోగం వస్తే ఆ ఇంట్లో అదే మొదటి జీతం. రాకపోతే మళ్ళీ అడవే. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

క్లాసులో అలవాటు కోసం పెట్టే స్పీకర్ మోగగానే ఆ పిల్ల ప్రతి వాక్యానికీ "ఊ" అనేది, పైకే. తక్కినవాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు.

"ఏందమ్మా ఆ ఊ కొట్టడం?" అని అడిగాను.

"మా అవ్వ కథ చెప్పేటప్పుడు ఊ అనకుంటే ఆపేస్తాది సార్. అదే అలవాటయింది. ఊ అంటేనే నాకు చెవికెక్కుతాది."

"ఇది మీ అవ్వ కాదు, డబ్బా. నువ్వు అన్నా అనకున్నా వాగుతానే ఉంటాది," అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నవ్వించినందుకు నాకు గొప్పగా కూడా అనిపించింది.

మర్నాడు మళ్ళీ ఊ అంది. సీసా చేతికిచ్చి, గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకోమన్నాను. ఆడియో అయిపోయేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళ నిండా నీళ్ళతో రాసింది. నెల రోజులు అదే పని చేయించాను. ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకునే పిల్ల ఏడుకు దిగింది. దిద్దింది నేనే, నాకు కనబడలేదా? కనబడింది. ఒళ్ళు వంచడం లేదని తిట్టాను. ఒకసారి పట్టు పడితే వెనక్కి తగ్గడం నాకు చేతకాదు.

పరీక్ష గిద్దలూరులో పెట్టారు. గేటు దగ్గర నా పక్కకొచ్చి, "లోపలికి నీళ్ళ సీసా తీసుకపోనిస్తారా సార్?" అని మెల్లగా అడిగింది. దారికొచ్చిందని మురిసిపోయాను.

నీళ్ళు నోట్లో పోసుకునే రాసిందట. నా క్లాసులో తప్పింది ఆమె ఒక్కతే.

తర్వాత నా దగ్గర ఉంచిన సర్టిఫికెట్ల కోసం వాళ్ళ నాయన వచ్చాడు. చేతిలో తేనె సీసా, నాకే. "మీరు చానా కష్టపడినారు సార్, దాని రాత అంతే," అన్నాడు.

పిల్ల ఎలా ఉందని అడిగాను.

"ఉంది సార్. ఈ మధ్య అవ్వ కథ చెప్తాంటే ఊ అనడంలే. నిద్రపోయినాదనుకొని ముసల్ది ఆపేస్తాది. చూస్తే పిల్ల కండ్లు తెరుసుకునే ఉంటాది."

తప్పు నాదని నాకు తెలుసు. అయినా తేనె సీసా తీసుకుని లోపల పెట్టుకున్నాను.