బడికి రాని ప్రమీల

బరంపురం ఆసుపత్రిలో నర్సు "ప్రమీలా!" అని పిలిస్తే, అలవాటుగా పక్కకి చూశాను.

ఒడియా బడిలో చేరిన కొత్తలో మాస్టారు హాజరు వేస్తూ రోజూ ఆ పేరు పిలిచేవారు. ఎవరూ పలికేవారు కాదు. పాపం, ఆ పిల్లకి జ్వరమేమో అనుకుని బెంచీ మీద నా పక్కన కాస్త చోటు వదిలేదాన్ని.

ఆ సంగతి చెబితే, రైల్వే ఆఫీసు నుంచి అలిసి వచ్చిన నాన్న చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు.

"అది నువ్వేనమ్మా, పైడితల్లీ. బళ్ళో అలగ రాయించినాను."

"నా పేరుకేటయింది నాన్నా?"

"అప్పలసూరీ అని పిలిసి నన్ను ఆపీసులో ఇప్పటికీ నవ్వుతారు. నిన్నలగ నవ్వితే సూడలేను."

మర్నాడు పలికాను. పక్కన చోటు వదలడం మానేశాను.

ఆ పేరు రాయించిన నాన్న మాత్రం బతికున్నన్నాళ్ళూ నన్ను పైడితల్లీ అనే పిలిచాడు. ఇప్పుడలా పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

నర్సు మళ్ళీ పిలిచింది. లేచాను.