రాదని చెప్పిన స్వరం

నేనెవరో మీకు అనవసరం. చాలా ఏళ్ళుగా గుండెలో ఒక బరువు మోస్తున్నాను, దాన్ని ఇవాళ మీ ముందు దించుతున్నాను, అంతే. జాలి పడమని అడగడం లేదు. మా పెద్దమ్మ గొంతు పాడైందని ఊరంతా అనుకున్నారు. పాడవలేదు. పాడైందని ఆమెనే నమ్మించినవాణ్ణి నేను.

డెబ్బైల చివరి మాట. నాందేడ్ వైపు సరిహద్దు ఊరు కుండల్‌వాడిలో మాది కిరాణా దుకాణం. పెద్దమ్మ అంటే మా నాన్నకు వదిన, పెదనాన్న పోయాక మా ఇంట్లోనే ఉండేది. దుకాణంలో మరాఠీ, ఇంట్లో తెలుగు, పాట దగ్గరికొస్తే ఆమెకు రెండూ ఒకటే. కార్తీక పౌర్ణమి దాకా నెల రోజులు విఠోబా గుడిలో తెల్లవారుజామున కాకడ హారతి పాడతారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. పాట ఎవరు ఎత్తుకుంటే శ్రుతి వాళ్ళది, వాయిద్యాలవాళ్ళు వాళ్ళ వెంట నడవాల్సిందే. ఎత్తుకునేది ఎప్పుడూ పెద్దమ్మే. ఆ నెల రోజులూ ఆమె వస్తుంటే జనం జరిగి చోటిచ్చేవారు. మిగతా ఏడాదంతా ఆమె దుకాణం వెనక కూచుని పప్పులు చెరిగే మనిషి.

ఆ ఏడు హార్మోనియం ఆయన మంచాన పడ్డాడు, ఆయన చోట నేను కూచున్నాను. నా దగ్గర రేకు పిల్లనగ్రోవి ఉంది. సరుకు కోసం నాందేడ్ వెళ్ళినప్పుడు మోజుపడి కొన్నది, ఆరు రంధ్రాలు, నిలువుగా నోట్లో పెట్టుకుని ఊదే రకం. ఊళ్ళో అందరూ దాన్ని పీపీ అనేవారు. పిల్లలాడుకునే వస్తువని నవ్వినవాళ్ళ నోళ్ళు నేనే మూయించాను. గొప్పలనుకున్నా సరే, బాగా వాయించేవాణ్ణి. కాస్త గట్టిగా ఊదితే అవే రంధ్రాలు పై స్థాయిలో పలుకుతాయి. ఇంకా బిగబట్టి ఊదితే దానిపైన కూడా కొన్ని స్వరాలు చిక్కుతాయి. నాకు ఎవరూ నేర్పలేదు. కానీ కిందికి మాత్రం దారి లేదు. అన్ని రంధ్రాలూ మూస్తే వచ్చేదే ఆఖరు. పెద్దమ్మ పాట అక్కడ ఆగదే! పల్లవి చివర ఇంకొక్క మెట్టు దిగి మళ్ళీ పైకొస్తుంది. ఆ దిగడంలోనే ఉంది ఆ పాట అందమంతా.

మొదట్లో ఆ చోటు రాగానే దగ్గు వచ్చినట్టు నటించాను. ఎన్నాళ్ళని దగ్గుతాను?

అప్పుడే కిటుకు దొరికింది. ఒక మధ్యాహ్నం గిరాకీ లేక, దుకాణంలో కూచుని అన్ని రంధ్రాలూ మూసి ఊదుతూ, ఊరికే చిటికెన వేలిని గొట్టం కింది కొసకు అడ్డం పెట్టాను. పూర్తిగా కాదు, సగం. స్వరం జారి ఒక మెట్టు దిగింది. పెద్దమ్మ దిగే మెట్టే అది! ఒళ్ళు ఝల్లుమంది. నిజమే, అది కొంచెం బొంగురుగా వచ్చింది, చెయ్యి మెలితిప్పాల్సి వచ్చింది. గుళ్ళో అలా వాయిస్తే చేతకానివాణ్ణనుకుంటారు. మరి పెద్దమ్మే శ్రుతి పెంచితే? పాటంతా నా పై స్వరాల్లోకి వస్తుంది, అక్కడ నాకు ఎదురు లేదు. ఇంత ఆలోచన చేశాను నేను. పొరపాటున జరిగిందని ఎలా చెప్పను?

ఆ సాయంత్రం పెద్దమ్మ తనే వచ్చింది, చేతిలో చేట.

"బిడ్డా, నీ పీపీల ఆ కింది సూరు అస్తలేదా?"

"రాదు పెద్దమ్మా. పీపీ గంతే ఉంటది. అయినా ఎన్నడు లేంది నువ్వే మస్తు కిందికెల్లి ఎత్తుకుంటున్నవ్. గొంతు దిగింది గావచ్చు. జర మీదికెల్లి పాడు."

ఆమె చేట కింద పెట్టింది.

"నిజమా? నాకైతే ఎప్పటి లెక్కనే అనిపిస్తున్నది. సరే తియ్యి, నువ్వు చెవులున్నోనివి. నీకెరుకైతది."

రాదన్నది ఒక అబద్ధం. దాన్ని మోయగలిగేవాణ్ణేమో. గొంతు దిగిందన్నానే, అది ఎందుకన్నాను? ఆమె అడగలేదు కదా?

మిరియాల కషాయం తాగుతూ, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ ఆమె శ్రుతి పెంచి పాడింది. నెట్టుకొచ్చింది. పౌర్ణమినాడు గుడి కిక్కిరిసింది, నాయ్‌గావ్ నుంచి మా చుట్టాలు కూడా వచ్చారు. పై చరణంలో ఆమె గొంతు జీరపోయి తెగింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ తెగింది. నేను ఆగలేదు. ఆ ఖాళీలోకి పై స్వరం ఒకటి ఊదాను. "వా!" అన్నారు జనం. గుడి పెద్ద ఒకాయన మెల్లగా అన్నాడు, "అక్కా, ఇగ చాలు, కూసో." ఆమె భజన తాళాలు కొంగులో చుట్టుకుని కూచుంది. మరుసటి ఏడు ఇంకొకామె ఎత్తుకుంది. పెద్దమ్మ మళ్ళీ పాడలేదు. గుళ్ళోనే కాదు, పప్పులు చెరుగుతూ కూడా.

ఎవరైనా అడిగితే, "మావాడు సక్కంగనే వాయించిండు, నా గొంతే పాడైంది" అనేది. నేను వింటుండగానే.

ఆ తర్వాత కూడా ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఏ పూటైనా ఆమె ముందు కూచుని, చిటికెన వేలు అడ్డం పెట్టి, ఇదిగో అని వినిపించి ఉండొచ్చు. ఎందుకు వినిపించలేదు? పిరికితనమా? కాదు. దుకాణం మీదికొచ్చిన ఎలాంటి అధికారితోనైనా గొంతెత్తి వాదించినవాణ్ణి. ఆ రోజు నాకు దక్కిన "వా" మీద మచ్చ పడుతుందని వినిపించలేదు. అంతకంటే మర్యాదైన కారణం వెతికాను, దొరకలేదు. ఆమె తన గొంతును తప్పుపట్టుకుంటూనే పోయింది.

ఇప్పటికీ వాయిస్తాను, అప్పటికంటే బాగా. గొట్టం కొసకు మందపాటి కాగితం చుట్టి పొడవు పెంచితే కింది స్వరం బొంగురు లేకుండా నిండుగా వస్తుందని కూడా తర్వాత కనుక్కున్నాను. కార్తీకంలో తెల్లవారుజామున తలుపు దగ్గరకు వేసుకుని ఆమె శ్రుతిలోనే ఎత్తుకుంటాను. కాగితం చుట్టను. చిటికెన వేలే అడ్డం పెడతాను.

చెప్పేశాను. ఊపిరి కొంచెం తేలికైంది, అంతకుమించి ఏమీ మారలేదు. మీతో అన్నాను గానీ, ఈ మాట చెప్పాల్సింది ఆమెకు. వస్తుంది పెద్దమ్మా, ఆ కింది స్వరం. అప్పుడూ వచ్చేది.