పాత కెర్నెల్‌కి ఎలీయాజరు గారి అతుకు

ఎలీయాజరు గారు ఏదీ పారేయనివ్వరు. ఆయన గొడుగులో అసలు గుడ్డ ఏదో, అతుకు ఏదో తేల్చలేక గార్డెన్ రీచ్‌లోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసంతా పందేలు కాసేది. ఆయన రిటైరయ్యాక ఆఫీసు శుభ్రంగా ఉంది. అదే నాకు నచ్చడం లేదు.

ఆయన ఉద్యోగమూ అతుకులదే. కంప్యూటర్‌కి ప్రాణంలాంటి కెర్నెల్‌ ప్రోగ్రాంలో దొంగలు దూరే కన్నం బయటపడితే, కొత్త వెర్షన్‌లో వచ్చిన మరమ్మతును పాత వెర్షన్‌కి పట్టేలా కత్తిరించి కుట్టాలి. కిందటేడు ఫైళ్లు దాచే ఫైల్‌సిస్టమ్‌లోనే కన్నం దొరికింది. దొంగ ఎవడైనా పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, మెషిన్ వాడి చేతికి పోతుంది.

“ఆ పాతది వాడేటోళ్లు ఒక్కరే ఉన్నరు సార్. బంద్ చేద్దాం,” అంది మా మేనేజరు లక్ష్మీసౌజన్య.

“ఒక్కరున్నారు కదమ్మా! ఏటి తొందర? అతుకేద్దాం.”

వేశారు. మెషిన్ బిగుసుకుపోయింది. ఒక ఫైలుని ఒకేసారి రెండు పనులు ముట్టకుండా తాళం వేస్తారు; కొత్త కెర్నెల్‌లో ఆ తాళం వేసే పని ఆ మరమ్మతుదే. పాతదాంట్లో తాళం ముందే పడిపోతుంది. వేసిన తాళం మీదే మళ్లీ తాళం వేశారన్నమాట! మేం పడీపడీ నవ్వాం. ఆయన మట్టి కప్పులో టీ తాగి, రెండో తాళం ఊడబీకారు.

ఆయన రిటైరై వెళ్లిన నెలకి బడ్జ్ బడ్జ్ ఊరి నుంచి ఫోన్. చర్చి ఆసుపత్రిలో నర్సు దయమ్మ.

“ఊపిరి పరీక్ష మెషిన్‌కి మళ్లీ ఏటో కన్నమంట బాబూ. దాని కంపెనీ ఎప్పుడో మూసేసేరు. కొత్త కెర్నెల్ ఏస్తే ఇది పన్జెయ్యదు. జూట్ మిల్లోళ్లు దగ్గుకుంటా వస్తారు, మరో మెషిన్ లేదు. ఇన్నాళ్లూ ఎలీయాజరు గారే నిలబెట్టేరు.”

ఆ పాతది వాడే ఒక్కరూ ఎవరని మేం ఏనాడూ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

ఈసారి అతుకు నేనే ఆఫీసు మెషిన్‌లో వేసి చూశాను. మెషిన్ బిగుసుకుపోయింది. సంత్రాగాఛిలో ఉన్న ఆయనకి ఫోన్ చేశాను.

“తాళం మీద తాళం ఏసేవేటి, ప్రణవ్ బాబూ?”

“వేశాను సార్.”

ఆయన హాయిగా నవ్వారు. “మరి మీ మేడం ఏటంటంది?”

పక్కనే వింటున్న సౌజన్య ఫోన్ లాక్కుంది. “పారెయ్యం సార్. అతుకేస్తున్నం.”

“మంచిదమ్మా. నా గొడుగు అక్కడే ఉండిపోనాది. అదీ పారెయ్యకండి.”

ఆ గొడుగుతో సహా మిగిలిన పాత సామానంతా మూట కట్టి ఆ పొద్దున్నే పాత సామాన్లు కొనే బండివాడికిచ్చేశాం. నేను లేచేలోపే సౌజన్య మెట్లు దిగి వాడి బండి కోసం పరుగెత్తింది.