నల్లగుడ్డ కింది కన్ను

ఈ పొద్దున ట్రంకుపెట్టె అడుగున నాయన ఫోటో కనిపించింది.

నా చిన్నతనంలో మద్రాసు నుంచి ఒక ఆఫీసరు కాలానికొకసారి వచ్చి దోర్నాల అడవిని ఫోటోలు తీసేవాడు. ఆయనకు దారి చూపేది నాయన. వెంట నేనూ వెళ్ళేదాన్ని. వానల్లో వాగును తీశాడు, ఎండలకు అది ఇంకిపోయింది. మోదుగుపూలను తీశాడు, మళ్ళీ వెళ్ళేసరికి కొమ్మలు బోసిగా ఉన్నాయి. నల్లగుడ్డ కప్పుకున్న ఆయన కెమెరా పెట్టె చూసినదాన్నల్లా మింగేస్తుందని నాకు అర్థమైపోయింది.

ఒకరోజు నల్లమద్ది చెట్టు ఎత్తు తెలియాలని దాని పక్కన నాయనను నిలబెట్టాడు.

"పది లెక్కపెట్టేవరకు కదలవద్దు."

నాయన రెప్ప కూడా వేయలేదు. చుట్టూ ఒక్క పిట్టా కూయలేదు. ఐదు అనగానే పరుగెత్తి నాయన కాళ్ళు వాటేసుకున్నాను.

"పోదాం రా నాయనా, అది నిన్ను మింగుతాది."

"ఏందమ్మా ఇట్ల జేస్తివి" అంటూ నాయన వంగి నన్ను ఎత్తుకున్నాడు.

చెడిపోయిన ఆ ఫోటోను ఆఫీసరు మాకే ఇచ్చేశాడు. అందులో చెట్టు బెరడు పగుళ్ళతో సహా ఉంది. నాయన ముఖం ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి పొగ. కాళ్ళ దగ్గర మరో చిన్న పొగ, అది నేను. కదిలితే అలాగే పడుతుందని పెద్దయ్యాక తెలిసింది.

నాయనకు వేరే ఫోటో లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని తలచుకున్నా, ఆ పొగే వంగి నన్ను ఎత్తుకుంటుంది.