నంబరు చదవండి

మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేసే మా గుంటూరు ఆఫీసులో ఒక సీనియర్ ఉండేవారు. ఎవరు ఏ డిస్కు ముట్టుకోబోయినా "నంబరు చదవండి" అనేవారు. మనం ఆ డిస్కు సీరియల్ నంబరు పైకి చదవాలి, ఆయన కళ్లు మూసుకుని వినాలి. నాకది చాదస్తంగా తోచేది.

ఒకరోజు సర్వర్‌లో విడి కంప్యూటర్లలా నడిచే రెండు వర్చువల్ మెషీన్లకు కలిపి ఒకే కొత్త డిస్కు ఇస్తున్నాం, ఒకటి ఆగినా రెండోది అదే డేటాతో పని నడపాలని. మొదటి మెషీన్ దానికి పెట్టుకున్న పేరు ఎస్‌డీబీ. రెండోదాంట్లోనూ ఎస్‌డీబీ కనిపించింది. డిస్కులకు ఏ మెషీన్‌కామెషీన్ తన వరసలో పేర్లు పెట్టుకుంటుందని తట్టక, అందులో ఉన్నదంతా చెరిపేసే ఫార్మాట్ కొట్టబోయాను.

"నంబరు చదవండి," అన్నారు వెనకనుంచి.

"అదే పేరండి."

"పేరు కాదండి, నంబరు."

విసుగ్గా చదివాను. కాగితం మీద రాసుకున్న కొత్త డిస్కు నంబరుతో చివరి నాలుగంకెలు కలవలేదు. నేను చెరపబోయింది ఆ సీజను రైతుల బస్తాల వివరాలన్నీ ఉన్న పాత డిస్కు.

ఆయన తిట్టలేదు. టీ దగ్గర మాత్రం, పూర్వం తాను కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా పనిచేశానని చెప్పారు. "పొదిలి రైతులు ఇద్దరు, ఇద్దరిదీ ఒకటే పేరు. బస్తాల మీది లాటు నంబరు చూడకుండా ఒకాయన బస్తాలు ఇంకొకాయన లారీకి ఎక్కించేశా."

"తర్వాతేమైందండి?"

"బస్తాలు పోయినాయన మళ్లీ మా గేటు వైపు రాలేదు."

ఆయన ఉద్యోగం మానేసిన రోజు ఫోన్ నంబరు ఇచ్చారు. ఆయన పేరుతోనే నా ఫోన్‌లో అప్పటికే ముగ్గురున్నారు. అందుకని పేరు బదులు చివరి నాలుగంకెలే పెట్టి ఆ నంబరు దాచుకుని, ఫోన్ చూపించాను.

ఆయన చూడలేదు. కళ్లు మూసుకుని, "చదవండి," అన్నారు.