నా ‘పద’ కమాండూ తులసమ్మ గారి వంటిల్లూ

ఒక ఇల్లాలి చేత ఏడాది పొడుగునా ఆరుబయట వంట చేయించిన ఘనత నాది. ఆవిడ నాకు చుట్టమూ కాదు, శత్రువూ కాదు. నా తెలివితేటలకి ఎదురొచ్చింది, అంతే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, అప్పట్లో నాకు కుదరలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పలాసలో ఇంజనీరు అప్పారావు గారి దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆయన కొత్తగా కంప్యూటర్ కొన్నారు. ప్లాన్లు గీసే క్యాడ్ ప్రోగ్రాంలో ఒక ఇంటి ప్లాన్లన్నీ ఒకే ఫైల్లో వేరువేరు షీట్లుగా ఉంటాయి. తెర అడుగున ఆ షీట్ల పేర్లు ట్యాబులుగా వరసలో కనిపిస్తాయి. దేని మీద మౌస్ నొక్కితే ఆ షీటు వస్తుంది. వస్తుందని పుస్తకంలో ఉంది. మా ఆఫీసు పక్కనే జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉండేది. ఆ మసి మౌస్ లోపలి బంతికి పట్టి, బాణం గుర్తు ఒకచోటికి పొమ్మంటే ఇంకోచోటికి పోయేది.

అందుకని నేనే ఒక ప్రోగ్రాం రాశాను. ‘పద’ అని టైపు చేస్తే తర్వాతి షీటు వస్తుంది. ఆపైన స్పేస్ బార్ నొక్కుతూ పోవడమే. ఆ ప్రోగ్రాం రాసే భాష పేరు లిస్ప్. నిండా బ్రాకెట్లే, తెర మీద జీడిపప్పు ఆరబోసినట్టుంటుంది. రెండు ఖాళీ షీట్లతో పరీక్షించాను. ఒకటి తర్వాత రెండు వచ్చింది. ఆ సాయంత్రం కంప్యూటర్‌ని నేనే కనిపెట్టినట్టు కాశీబుగ్గ అంతా తిరిగాను.

మర్నాడు కామయ్య గారూ, ఆయన భార్య తులసమ్మ గారూ వస్తారని తెలిసింది. ఆయనది జీడిపప్పు ఫ్యాక్టరీ. మందస దారిలో తాము ఉంటున్న స్థలంలోనే కొత్త ఇల్లు కట్టుకోబోతున్నారు.

“ఆళ్ళకి ఇంగ్లీషు మాటలొద్దు. మన మాటలే పెట్టు” అన్నారు సార్.

నేను షీట్లకి గుమ్మం, గదులు, వంటిల్లు, మేడ, దొడ్డి అని, ఇంగ్లీషు అక్షరాల్లో, అదే వరసలో పేర్లు కొట్టాను. దొడ్డి అంటే పెరట్లో కట్టే మరుగుదొడ్డి.

తులసమ్మ గారు కూర్చుంటూనే తేల్చేశారు. “బాబూ, నాకు మేడలూ గీడలూ అక్కర్నేదు. వంటిల్లు సూపించు. పొగకి కళ్ళు పోతన్నాయి. అది బాగుంటే సరే, నేకపోతే టెక్కలి ఇంజనీరు దగ్గరికి ఎలిపోదుం.”

సార్ నా వంక చూశారు. నా ఉద్యోగం ఆ చూపులో ఉంది.

“మూడో షీటే అమ్మా. ముందు గుమ్మం చూడండి” అని ‘పద’ కొట్టాను.

తెర నిండా మరుగుదొడ్డి వచ్చింది.

“ఇదేటి తమ్ముడూ, గుమ్మం ఇంత ఇరుగ్గా ఉంది?” అన్నారు కామయ్య గారు.

“గుమ్మం కాదండీ. దొడ్డి.”

“గుమ్మంలో దొడ్డేటి?”

గబగబా స్పేస్ బార్ నొక్కాను. గదులు వచ్చాయి. మళ్ళీ నొక్కాను.

“మూడోది వచ్చింది కదా. ఇదేనా వంటిల్లు?” అన్నారు తులసమ్మ గారు.

“ఇది గుమ్మం అమ్మా.”

ఆ తర్వాత మేడ వచ్చింది. వంటిల్లు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. ట్యాబుల వరస నా ప్రోగ్రాం చూడనేలేదు. పేర్లని ఏబీసీడీల వరసలో పట్టుకుపోయింది. ఇంగ్లీషు పేర్లే పెట్టి ఉంటే టాయిలెట్ బుద్ధిగా చివరికి పోయేది, కిచెన్ నడిమధ్యలో ఉండేది. మాతృభాష మీద ప్రేమ నన్నలా దెబ్బ తీసింది.

తులసమ్మ గారు వంటిల్లు చాలాసేపు చూశారు. పొగ గొట్టం ఎక్కడో, కిటికీ ఎటో అడిగి తెలుసుకున్నారు. “ఇది బాగుంది. గాని ఆఖర్నెందుకొచ్చింది?”

పొరపాటైందంటే సరిపోయేది. నేను ఏమన్నానో వినండి. “వాస్తు అమ్మా. కంప్యూటరే లెక్క కట్టి ఈ వరస పెట్టింది.”

కామయ్య గారు కుర్చీలోంచి లేచి కంప్యూటర్‌కి దండం పెట్టారు. “అయితే ఇదే వరసలో కట్టేద్దుం.”

వాళ్ళు వెళ్ళాక సార్ అన్నారు, “లిస్ప్‌లో బ్రాకెట్ తెరిస్తే మూసి తీరాలంటావు కదా. నీ నోటికి ఆ రూలు నేదేటి?”

నిజం చెబితే టెక్కలి పోతారని ఇద్దరం నోరు మూసుకున్నాం. దొడ్డీ వంటిల్లూ పెరట్లో విడిగా కట్టేవే కాబట్టి మేస్త్రీ కూడా అడ్డు చెప్పలేదు. మొదట దొడ్డి లేచింది. తర్వాత గదులు, గుమ్మం, మేడ. పాత వంటపాక కూల్చిన చోటే గదులు రావడంతో తులసమ్మ గారు కొబ్బరాకుల పందిరి కింద కట్టెల పొయ్యి పెట్టుకున్నారు. నేను పని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా, “బాబూ, వంటిల్లు వరస వచ్చిందేటి?” అని అడిగేవారు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అడిగేవారు. నాకు నిజంగానే సిగ్గేసేది.

ఎట్టకేలకు వంటిల్లు పూర్తయి గృహప్రవేశం జరిగింది. భోజనాల్లో సార్ పక్కనే కూర్చున్నాను. తులసమ్మ గారు పాయసం గిన్నెతో వచ్చి, సార్‌కి వడ్డించి, నా విస్తరి దాటి వెళ్ళిపోయారు. పంక్తంతా తిరిగి ఆఖర్న నా దగ్గరికి వచ్చారు.

“ఏబీసీడీల వరసంట కదా బాబూ. సారు సెప్పేశారు. అప్పారావు గారు ముందు. నీ పేరేటి?”

“వెంకటరమణ అమ్మా.”

“మా వంటింటి అచ్చరమే. మరి ఆఖర్నే కదా” అని గిన్నె వంచారు.

పాయసంలో జీడిపప్పు అయిపోయింది. పలాసలో, జీడిపప్పు ఫ్యాక్టరీ వారింట్లో.

ఆ విస్తరి ముందు కూర్చునే ప్రతిజ్ఞ చేశాను. అంకె వేయకుండా ఏ షీటుకీ పేరు పెట్టను. తెలియని సంగతికి వాస్తు అని పేరు పెట్టను. నా కడుపున పుట్టినవాళ్ళకి మాత్రం ‘అ’ తప్ప ఇంకో అక్షరంతో పేరు పెట్టను. మా అమ్మాయి అఖిలకి ఇంతవరకూ ఏ పంక్తిలోనూ జీడిపప్పుకి లోటు రాలేదు.