గోడ పక్క చెయ్యి

డీజిల్ పొగ వాసన తగిలితే ఇప్పటికీ వన్ టౌన్‌లోని ఆ ఇరుకు సందు గుర్తొస్తుంది. అప్పుడు నాకు ఏడేళ్లు. బడికి సెలవని నాన్న నన్ను లారీలో పక్కన కూర్చోబెట్టుకుని మిరపకాయల గోడౌన్‌కి తీసుకెళ్లాడు. లారీని రివర్సులో లోపలికి పెడుతుంటే, నా వైపు వెనక ఎవరో లారీ బాడీని గబగబా చరిచారు.

"చూడమ్మా, ఏమంటున్నారు?" అన్నాడు నాన్న.

తల బయటపెట్టి చూశాను. గోడ పక్క నుంచి ఒక చెయ్యి మాత్రమే కనిపించింది. హమాలీలు అలాగే చరిచి లారీని వెనక్కి రమ్మనడం చాలాసార్లు చూశాను.

"రమ్మంటున్నారు నాన్నా."

లారీ ఇంకో అడుగు వెనక్కి జరిగింది. సందంతా దద్దరిల్లేలా కేక వినిపించింది. ఒక హమాలీ కుడిచెయ్యి గోడకూ లారీకీ మధ్య చిక్కుకుంటే, ఆపమని ఎడమచేత్తో చరిచాడట. ఆ కుడిచెయ్యి మోచేతి దాకా నలిగిపోయింది.

జనం నాన్నను చొక్కా పట్టుకుని కిందకి లాగారు. "కళ్లు దొబ్బాయేంట్రా నీకు?" అంటూ పిడికిళ్లతో, చెప్పులతో కొట్టారు. ఒకడు ఆయన ముఖాన్ని లారీ తలుపుకేసి బాదాడు. నాన్న రక్తం ఉమ్ముతూ, "తప్పు నాదేనండీ, నేనే చూసుకోలేదు" అంటూనే ఉన్నాడు. నేను సీటు కింద నక్కి చెవులు మూసుకున్నాను.

ఆ హమాలీ మళ్లీ బస్తా ఎత్తలేదు. తన ముందుపళ్లు ఎందుకు ఊడాయో నాన్న అమ్మకు చెప్పాడు గానీ, నేనన్న మాట మాత్రం చెప్పలేదు. ఆయన పోయి నాలుగేళ్లయింది. నేనూ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.